పుస్తకాల పురుగు పుట్టుపూర్వోత్తరాలు

జీవితమంతా చదువుతూ గడిపేవారిని గురించి లోకంలో వింత కథలు చాలా ఉన్నవి. ఒకాయన భోజనం దగ్గర పుస్తకం లేకపోతే ముద్ద మింగలేడు. ఇంకొకాయన శనగల పొట్లం విప్పి శనగలు పక్కవానికిచ్చి కాగితం తాను చదువుకుంటాడు. ఒకావిడ నవలలో చివరి పేజీ ముందు చదివి, కథ ఎటు పోతుందో తెలుసుకున్న తరువాతనే మొదటి పేజీ తెరుస్తుంది. ఇటువంటివి విని నవ్వుకొని, "అదొక పిచ్చి" అని ఊరుకుంటాము. పుస్తకాల పురుగు అనే మాటలో కొంత మురిపెమూ కొంత ఎగతాళీ ఉన్నవిగాని, చరిత్ర మాత్రం లేదు. పురుగు ఎక్కడ పుట్టినదో, ఏమి తిని బ్రతికినదో ఎవరూ అడగరు.

ఈ అలవాట్లకు చరిత్ర ఉన్నదని ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నాను. చదువరి స్వభావం అతని సొంతమే కావచ్చును. కాని ఆ స్వభావం ఏ రూపం దాలుస్తుందన్నది దీపం ఎవరిది, తీరిక ఎవరికున్నది, పుస్తకం వెల ఎంత, దాన్ని చేతపట్టుకుంటే ఎవరు కొడతారు అనే ప్రశ్నలమీద ఆధారపడి ఉంటుంది.

రెండు ప్రసిద్ధమైన ఉదాహరణలతో ప్రారంభిస్తాను. చార్లెస్ డార్విన్‌కు పుస్తకమంటే పనిముట్టు. బరువైన గ్రంథం చేతిలో ఇమడకపోతే నిలువునా రెండు ముక్కలు చేసి చదివేవాడు. చిన్న పుస్తకాలలో తనకు కావలసిన పుటలు చించి దాచుకొని తక్కినవి పారవేసేవాడని ఆయన కుమారుడు వ్రాశాడు. మధ్యాహ్నం సోఫామీద వాలితే భార్య ఎమ్మా నవల చదివి వినిపించేది. కార్ల్ మార్క్స్ కూడా పుస్తకాలపట్ల భక్తి చూపినవాడు కాదు. పుటల మూలలు మడిచేవాడు, వాక్యాల కింద పెన్సిలు గీతలు గీసేవాడు, రచయిత హద్దు మీరినాడనిపిస్తే అంచున ఒక ప్రశ్నార్థకం పెట్టేవాడు. ఏడాదికొకమారు ఈస్కిలస్ నాటకాలను గ్రీకు మూలంలో చదివేవాడనీ, ఒకేసారి రెండు మూడు నవలలు పట్టేవాడనీ అల్లుడు లఫార్గ్ జ్ఞాపకాలలో ఉన్నది. ఏబదేళ్ళు వచ్చిన తరువాత రష్యను భాష నేర్చుకున్నాడు.

పైకి చూస్తే ఇద్దరి అలవాట్లూ ఒకే జాతివి. కాని కొంచెం లోపలికి పోయి చూడండి. డార్విన్ ఆస్తిపరుడు. జీతంకోసం ఒకరి కొలువు చేయవలసిన అవసరం ఆయనకు జీవితంలో రాలేదు. పుస్తకాన్ని రెండుగా చీల్చడానికి ముందు అది తనది కావాలి కదా! మార్క్స్ 1849లో లండనుకు ప్రవాసిగా వచ్చాడు, 1850లో బ్రిటిష్ మ్యూజియం పఠనమందిరానికి ప్రవేశపత్రం సంపాదించాడు. ఉదయం 9 గంటలనుంచి సాయంకాలం 7 దాకా అక్కడే ఉంటున్నానని 1851లో మిత్రునికి వ్రాశాడు. చదివినదానినుంచి ఎత్తివ్రాసుకునే అలవాటు విద్యార్థి దశలోనే మొదలైనదిగాని, లండనులో అది తప్పనిసరి అయింది. మ్యూజియం పుస్తకం ఇంటికి రాదు, కొనడానికి డబ్బు లేదు. 1850కీ 1853కీ మధ్య అట్లా నిండినవే 24 నోటుపుస్తకాలు. 1852లో కోటు తాకట్టులో ఉండడంవల్ల ఇల్లు కదలలేకపోయిన రోజులు కూడా ఉన్నవి. ఒకనికి పుస్తకం చింపే అలవాటు, ఇంకొకనికి ఎత్తివ్రాసే అలవాటు. ఈ తేడాను కేవలం స్వభావంతో వివరించలేము.

ఇక దీపం సంగతి. మాక్సిం గోర్కీ ఆత్మకథ రెండవ భాగం చదివినవారికి ఆ కొవ్వొత్తి ఘట్టం గుర్తుండే ఉంటుంది. అతడు పనికి కుదిరిన ఇంట్లో ముసలి యజమానురాలు రాత్రి కొవ్వొత్తి పొడవును పుల్లతో కొలిచి, ఆ పుల్లను దాచేది. కుర్రవాడు రాత్రి చదువుకుంటే తెల్లవారి లెక్క తప్పి ఇల్లు మారుమోగేది. పుల్ల ఎక్కడున్నదో కనిపెట్టి, కరిగినంత మేరకు దానినీ విరిచిపెడితే ఆ పూట గండం గడిచేది. తరువాత అతడు కరిగిన కొవ్వును పోగుచేసి సార్డీను చేపల డబ్బాలో వత్తి వేసి సొంత దీపం చేసుకున్నాడు. గోర్కీ రాత్రిపూట దొంగతనంగా చదివేవాడంటే అది వింత అలవాటుగా కనిపిస్తుంది. కాని పగలు అతనిది కాదు, రాత్రి మాత్రమే అతనిది. ఆ రాత్రిలో కూడా వెలుగు యజమానిది. పనివాని చదువుకు దొంగతనం అనే పేరు ఎవరు పెట్టారో దీనినిబట్టి తెలుస్తున్నది.

చేతులు ఖాళీ లేనివారు ఎట్లా చదివారు? దీనికి క్యూబా చుట్టల కార్మికులు మంచి సమాధానం చెప్పారు. 1865లో హవానా నగరంలోని ఎల్ ఫిగరో కర్మాగారంలో కార్మికులు తమలో ఒకరిని చదవడానికి కూర్చోబెట్టారు. చుట్టలు చుట్టడానికి చేతులూ కళ్ళూ కావాలి, చెవులతో పని లేదు. చదివేవానికి కూలి నష్టం రాకుండా మిగిలినవారు తమ కూలిలోనుంచి చందా వేసుకున్నారు. మరుసటి సంవత్సరం 1866లోనే స్పానిష్ ప్రభుత్వం ఈ పఠనాన్ని నిషేధించింది. అయినా అలవాటు చావలేదు. వలస వెళ్ళిన కార్మికులతో పాటు అది అమెరికాలోని ఫ్లోరిడాకు కూడా పోయింది. పొద్దున్న వార్తలు, తరువాత నవలలు. హ్యూగో, డ్యూమా, జోలా, సెర్వాంటిస్ ఆ కర్మాగారాలలో వినిపించారు. ఏ పుస్తకం చదవాలో కార్మికులే నిర్ణయించేవారు. ఘట్టం నచ్చితే ఆకు కోసే కత్తిని బల్లమీద కొట్టి హర్షం తెలిపేవారు. 1931లో టాంపా నగరంలోని యజమానులు, తీవ్రవాద ప్రచారం జరుగుతున్నదనే నెపంతో, చదువరుల బల్లలను పీకివేయించారు. ఆ స్థానంలో రేడియో వచ్చింది. క్యూబాలో మాత్రం ఆ పఠనం నేటికీ సాగుతున్నది. మన పొరుగున కేరళలో బీడీ కార్మికుల మధ్య కూడా పత్రిక చదివి వినిపించే ఆచారం బలంగా ఉండేది.

ఎమ్మా డార్విన్ నవల చదవడం, హవానా కార్మికుడు నవల చదవడం రెండూ శ్రవణమే. ఒకచోట అది మధ్యాహ్నపు విశ్రాంతి. మరొకచోట పనిలోనుంచి పెరుక్కున్న హక్కు. రెండవదానికి మాత్రమే నిషేధం ఎదురైనదన్న సంగతిని పాఠకులు గమనించాలి.

మన దేశానికి వస్తే, చదవడమంటే వినడమే అన్న కాలం మనకు చాలా దీర్ఘమైనది. ఒకరు పద్యం చదివితే ఒకరు అర్థం చెప్పే పురాణ కాలక్షేపం ఊరూరా ఉండేది. అయితే ఆ అరుగుమీద ఎవరు కూర్చున్నారు, దూరాన ఎవరు నిలబడ్డారు అన్నది మనం మరచిపోరాదు. బడికి పోని స్త్రీలు కూడా చదువు అందుకున్నారు. భండారు అచ్చమాంబ తన తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటూ ఉండగా తానూ చదువు నేర్చుకొని, స్త్రీల చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాసింది. ఆ తమ్ముడే మిత్రులతో కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్నీ, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలినీ స్థాపించాడు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అధ్యక్షుడు చిన్ననాటనుంచీ చూపు సరిగా లేక బాధపడినవాడు. ఒకరిచేత చదివించుకొని, ఒకరిచేత వ్రాయించుకొని పండితుడైన మనిషి ఆ సభకు పెద్ద అయ్యాడు. 1935లో పాటూరి నాగభూషణం కృష్ణా కాలువలమీద పడవలో గ్రంథాలయం నడిపాడు. కాలువగట్టున ఉన్న పల్లెలకు పడవ వచ్చిన రోజే పుస్తకాల రోజు. మళ్ళీ పడవ వచ్చేలోగా పుస్తకం ముగించాలి!

ఈ ఉద్యమంలో వైరుధ్యాలు లేకపోలేదు. భాషానిలయానికి పోషకుడైన మునగాల రాజా నాయని వెంకటరంగారావు జమీలోనే, 1930 తరువాత రైతులు జమీందారీ దోపిడీమీద దీర్ఘకాలం పోరాడవలసివచ్చింది. ఒక చేత్తో గ్రంథాలయానికిచ్చిన డబ్బు ఎవరి చెమటలోనుంచి వచ్చిందో ఆ రైతులు చెప్పగలరు. అంతమాత్రాన గ్రంథాలయం చెడ్డదని నేననను. గ్రంథాలయం దాత ఊహించని పాఠకులను కూడా తయారుచేస్తుంది. చరిత్రలో దాని విలువ అక్కడున్నది.

అటువంటి పాఠకుడు వట్టికోట ఆళ్వారుస్వామి. నల్లగొండ జిల్లా చెరువు మాదారంలో 1915లో పుట్టాడు. చదువుకోసం ఉపాధ్యాయుని ఇంట వంటచేశాడు, హోటలులో సర్వరుగా పనిచేశాడు, ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దాడు. ప్రూఫు దిద్దేవాని చదువు వేరు; ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగవలసిన చదువు అది. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి ముప్పైకి పైగా పుస్తకాలు ప్రచురించాడు. వాటిని సంచిలో వేసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. ఉర్దూ రాజభాషగా ఉండి, సభ పెట్టాలంటే అనుమతి అడగవలసిన నిజాము రాజ్యంలో, తెలుగు పుస్తకం మోసుకుపోవడం వ్యాపారం మాత్రమే కాదు. జైలుకు పోయాడు, 'జైలు లోపల', 'ప్రజల మనిషి' వ్రాశాడు, 1961లో మరణించాడు. ఆయనను గ్రంథప్రియుడు అంటే చాలదు. పుస్తకం దొరకని మనిషికి దానిని చేర్చడంకూడా ఆయన పఠనంలో భాగమే.

నిషేధం కూడా అలవాట్లను పెంచుతుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో వ్రాసిన 'మాలపల్లి'ని తెల్లదొరల ప్రభుత్వం రెండుమార్లు నిషేధించింది. ఇటువంటి కాలంలో చదువరికి అట్టమీద అట్ట వేయడం, చదివినవెంటనే మరొకరికి దాటించడం, ముఖ్యమైనవి కంఠస్థం చేయడం అలవడతాయి. బీదతనం మరికొన్ని నేర్పింది. నవల కొనలేని ఇళ్ళలో వారపత్రిక సీరియల్ పుటలు చింపి, వరుసగా పేర్చి, బైండు చేయించుకున్నారు. అద్దెకిచ్చే దుకాణంలో రోజుకింత అని లెక్క గనుక రాత్రికి రాత్రి నవల ముగించడం నేర్చుకున్నారు. ఇంట్లో చాకిరీ ముగిసి అందరూ నిద్రపోయిన తరువాతనే ఎందరో స్త్రీలకు పుస్తకం చేతికి దొరికింది. 1991లో సోవియట్ యూనియన్ పడిపోయేదాకా చవకగా వచ్చిన మాస్కో తెలుగు పుస్తకాలు ఎందరు మేష్టర్ల ఇళ్ళలో మొదటి అలమరను నింపాయో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

కొందరు మిత్రులు అడగవచ్చును: "అన్నీ పరిస్థితులే అయితే, అదే పరిస్థితిలో ఉన్న పదిమందిలో ఒక్కడే ఎందుకు చదివాడు?" ప్రశ్న న్యాయమైనదే. ఆ ఒక్కని పట్టుదలను నేను తక్కువ చేయడం లేదు. గోర్కీ వంటి మనిషి డబ్బా దీపంతోనైనా చదువుతాడు. కాని ఆ పట్టుదలను మాత్రమే కీర్తించేవారు ఒక ప్రమాదం తెచ్చిపెడుతున్నారు. నిజంగా ఇష్టమున్నవాడు ఎట్లాగైనా చదువుతాడని చెప్పి, తక్కిన తొమ్మండుగురినీ సోమరుల కింద జమకడుతున్నారు. కొవ్వొత్తిని పుల్లతో కొలిచే చెయ్యి ఆ మాటవెనుక దాక్కుంటుంది.

ఈ తప్పు నేడు మనమధ్య కూడా జరుగుతున్నది. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి ఎప్పుడు పోయినా పోటీపరీక్షల యువకులు బారులుగా కూర్చొని కనిపిస్తారు. వారు తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు, మధ్యాహ్నానికి డబ్బాలో అన్నం తెచ్చుకుంటారు. బీరువాలలోని నవలల జోలికి పోరు. "వీళ్ళూ ఒక పాఠకులేనా?" అని పెదవి విరిచే సాహిత్యాభిమానులను నేను చాలామందిని చూశాను. ఆ యువకులకు అద్దెగదిలో లేనివి అక్కడున్నవి: కుర్చీ, వెలుగు, ఫ్యాను, నిశ్శబ్దం. మార్క్స్ కూడా మ్యూజియానికి పుస్తకాలతో పాటు అటువంటి వసతికోసమే పోయి ఉంటాడని నా ఊహ. ఆయన ఇరుకు గదులలో కుటుంబమంతా ఉండేది. ఉద్యోగం అనే కొలపుల్ల ఆ యువకుల ప్రతి గంటనూ కొలుస్తున్నది. వారిని పాఠకులుకాకుండా చేస్తున్నది వారి అభిరుచి కాదు, వారి నిరుద్యోగం.

1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మన ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకం వసూలవుతున్నది. స్థానిక సంస్థలు వసూలుచేసిన ఆ సొమ్ము గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు ఎంతోకాలంగా వింటున్నదే. ఉపాధ్యాయులూ విద్యార్థులూ తమ ఊరి శాఖాగ్రంథాలయానికి పోయి మూడు సంగతులు విచారించాలని నా సూచన. తలుపు ఎన్ని గంటలకు తీస్తారు, ఎన్నింటికి వేస్తారు? పనిచేసి వచ్చేవానికి ఆ వేళ అందుతుందా? గడచిన సంవత్సరం కొత్త పుస్తకాలు ఎన్ని వచ్చాయి? జవాబులు వ్రాసి తెచ్చి సంఘం శాఖాసమావేశంలో చదవండి. చదవలేనివారు, చేతులు ఖాళీ లేనివారు మన వీధిలో ఎందరున్నారో కూడా లెక్క వేసి, వారానికొక సాయంకాలం వారి మధ్య కూర్చొని ఒక పుస్తకం పైకి చదవండి. ఏ పుస్తకమో మాత్రం వారినే నిర్ణయించనివ్వండి.