ఏనుగును వీడి మూస్ వెంట: 1912 రిపబ్లికన్ చీలిక

అమెరికాలో పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చడానికి ముందుగా ఒక ఎన్నిక జరుగుతుంది. దాన్నే ప్రైమరీ అంటారు. తెలుగునాట బీ-ఫారం ఎవరి చేతికి అందితే వారే అభ్యర్థి, అందనివారు రెబల్. ఇక్కడ అలిగేది నాయకుడు, ఓటరు కాదు. టికెట్ విషయంలో ఓటరును అడిగినవారే లేరు. ప్రైమరీ ఉన్నచోట పరిస్థితి వేరు. ఓటరు ఒకసారి తన మాట చెప్పేసి ఉంటాడు కాబట్టి, ఆ మాట చెల్లకపోతే అలక అతనిదే అవుతుంది. ఇది మొదటిసారి దేశమంతటా కనిపించింది 1912లో, ఏనుగు గుర్తుగా గల రిపబ్లికన్ పార్టీలో.

అంతకుముందు అధ్యక్ష అభ్యర్థిని ఎంపిక చేసేవారు పార్టీ మహాసభ ప్రతినిధులు. ఆ ప్రతినిధులను పంపేవారు రాష్ట్రాల్లోని పార్టీ పెత్తందారులు. ఈ పెత్తనాన్ని విరగ్గొట్టాలని విస్కాన్సిన్ నాయకుడు రాబర్ట్ లా ఫాలెట్ వంటి సంస్కరణవాదులు ఏళ్ల తరబడి పోరాడారు. అధ్యక్ష అభ్యర్థిపై ఓటర్ల ఇష్టాన్ని నేరుగా అడిగే చట్టాన్ని 1910లో ఒరెగాన్ తెచ్చింది. 1912 నాటికి డజను రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. మిగిలిన చోట్ల పాత పద్ధతే సాగింది. సగం కొత్త, సగం పాతగా ఉన్న ఈ ఏర్పాటులోనే తగాదాకు బీజం పడింది.

అప్పటి అధ్యక్షుడు విలియం హోవర్డ్ టాఫ్ట్‌ను 1908లో తన వారసుడిగా నిలబెట్టింది అంతకుముందు అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్టే. ఆఫ్రికా వేట ముగించుకుని 1910లో తిరిగొచ్చేసరికి ఆ వారసత్వం ఆయనకు రుచించలేదు. అడవుల సంరక్షణ చూసే గిఫర్డ్ పిన్షోను టాఫ్ట్ కొలువు నుంచి తొలగించాడు. 1911 అక్టోబరులో ఉక్కు ట్రస్టుపై (గుత్త సంస్థపై) టాఫ్ట్ ప్రభుత్వం వేసిన దావా, రూజ్‌వెల్ట్ హయాంలో జరిగిన ఒప్పందాన్నే తప్పుపట్టింది. 1912 ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్ బరిలోకి దిగాడు. మూడోసారి పోటీ చేయనని 1904లో ఇచ్చిన మాటను ప్రత్యర్థులు గుర్తుచేస్తూనే ఉన్నారు.

ప్రైమరీలు మార్చి 19న నార్త్ డకోటాలో మొదలయ్యాయి. అక్కడ గెలిచింది లా ఫాలెట్. తర్వాత ఇల్లినాయ్, పెన్సిల్వేనియా, కాలిఫోర్నియా వరసగా రూజ్‌వెల్ట్ వైపు తిరిగాయి. మే 21న టాఫ్ట్ సొంత రాష్ట్రం ఒహాయో కూడా ఆయన్ను కాదంది. నిన్నటి స్నేహితులు ఊరూరా తిరిగి ఒకరినొకరు తిట్టుకున్నారు. పదవిలో ఉన్న అధ్యక్షుడు టికెట్ కోసం అలా వీధికెక్కడం అప్పటికి కనీవినీ ఎరగని సంగతి. ప్రైమరీలు జరిగిన రాష్ట్రాల నుంచి రూజ్‌వెల్ట్‌కు 278 మంది, టాఫ్ట్‌కు 48 మంది, లా ఫాలెట్‌కు 36 మంది ప్రతినిధులు దక్కారు. ఓట్లలో రూజ్‌వెల్ట్‌కు 11 లక్షలు దాటాయి, టాఫ్ట్ 8 లక్షలకు చేరలేదు.

అయితే మహాసభలో మొత్తం ప్రతినిధులు 1,078 మంది. ప్రైమరీలు లేని రాష్ట్రాల్లో పార్టీ యంత్రాంగం టాఫ్ట్‌ది. దక్షిణాది రాష్ట్రాల్లో రిపబ్లికన్లకు ఓట్లు నామమాత్రం. అయినా అక్కడి నుంచి ప్రతినిధులు మాత్రం దండిగా వచ్చేవారు, వారిలో పోస్ట్‌మాస్టర్ల వంటి కేంద్ర కొలువుల వాళ్లు చాలామంది. (ఈ యంత్రాన్ని 1908లో టాఫ్ట్ కోసం తిప్పింది రూజ్‌వెల్టేనన్నది ఆయన అనుచరులు ఎత్తని మాట.) 254 సీట్లపై పేచీ వచ్చింది. జాతీయ కమిటీ వాటిలో 235 టాఫ్ట్‌కు, 19 రూజ్‌వెల్ట్‌కు ఇచ్చింది. ఆ ఫిర్యాదుల్లో చాలావాటికి పస లేదని, సంఖ్య కోసమే వేశారని తర్వాతి చరిత్రకారులు తేల్చారు. కానీ ఇంటి దగ్గర పత్రిక చదువుతున్న ఓటరుకు కనిపించింది ఆ రెండు అంకెలే.

జూన్ 18న షికాగో కొలీసియంలో మహాసభ మొదలైంది. వేదిక చుట్టూ కట్టిన రంగుల గుడ్డల వెనక ముళ్ల కంచె దాచారు. ఒకనాడు రూజ్‌వెల్ట్ మంత్రివర్గంలో పనిచేసిన ఎలిహూ రూట్‌నే టాఫ్ట్ వర్గం సభాధ్యక్షుడిగా గెలిపించుకుంది. ప్రతి తీర్మానం తమ మీదుగా రోడ్డు రోలర్‌లా వెళుతోందని చెప్పడానికి రూజ్‌వెల్ట్ మనుషులు ఈలలు ఊదారు, గరుకు కాగితాలు రాపాడించి ఆవిరి యంత్రం చప్పుడు చేశారు. చివరికి టాఫ్ట్ 561 ఓట్లతో నెగ్గాడు. 344 మంది ప్రతినిధులు సభలో కూర్చునే ఓటు వేయడానికి నిరాకరించారు.

ఆగస్టులో అదే కొలీసియంలో ప్రోగ్రెసివ్ పార్టీ పుట్టింది. తనకు మూస్ అంత సత్తువ ఉందని రూజ్‌వెల్ట్ అనడంతో, ఉత్తరాది అడవుల్లో తిరిగే ఆ పెద్ద కొమ్ముల జంతువే పార్టీకి పేరైంది. కాలిఫోర్నియా గవర్నర్ హైరం జాన్సన్ ఉపాధ్యక్ష అభ్యర్థి. సంఘసేవకురాలు జేన్ ఆడమ్స్ రూజ్‌వెల్ట్ పేరును బలపరిచింది. స్త్రీలకు ఓటు, ఎనిమిది గంటల పని, కార్మికులకు ప్రమాద పరిహారం ప్రణాళికలో చేరాయి. సభ భజన మందిరంలా కీర్తనలతో సాగింది. దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి ప్రతినిధులను మాత్రం ఆ సభ లోపలికి రానివ్వలేదు. ఓటరు మాట చెల్లాలని పుట్టిన పార్టీ చేసిన మొదటి పని అది. విసిగిన నల్లజాతి మేధావి డుబాయ్స్ డెమొక్రాట్ వుడ్రో విల్సన్‌కు మద్దతిచ్చాడు. గెలిచాక విల్సన్ ప్రభుత్వం కేంద్ర కార్యాలయాల్లోనే నల్లవారిని వేరుచేస్తూ రంగు గీత గీసింది.

నవంబరు ఫలితాలు: విల్సన్‌కు 435 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి తేల్చేవి రాష్ట్రాలవారీగా దక్కే ఈ ఓట్లే), రూజ్‌వెల్ట్‌కు 88, టాఫ్ట్‌కు 8. అసలు కథ మామూలు ఓట్లలో ఉంది. 1908లో టాఫ్ట్‌కు సుమారు 76.8 లక్షల ఓట్లు వచ్చాయి. 1912లో రూజ్‌వెల్ట్‌కు 41 లక్షలు, టాఫ్ట్‌కు 35 లక్షలు. రెండూ కలిపితే దాదాపు పాత లెక్కే. గెలిచిన విల్సన్‌కు వచ్చినవి 1908లో ఓడిన డెమొక్రాట్ బ్రయన్ ఓట్లకంటే తక్కువ. అంటే మొత్తం మీద రిపబ్లికన్ ఓటు గడప దాటలేదు. ఇల్లు రెండుగా చీలింది, పొరుగువాడికి లాభించింది.

కాలిఫోర్నియాలో చీలిక తలకిందులుగా జరిగింది. అక్కడ రిపబ్లికన్ పార్టీ పేరే జాన్సన్ వర్గం చేతికి చిక్కింది. ఆ పేరు మీద నిలబడిన ఎలక్టర్లు రూజ్‌వెల్ట్ మనుషులు. దేశాధ్యక్షుడు టాఫ్ట్ పేరు బ్యాలెట్ మీద లేదు. ఆయనకు ఓటేయదలచినవారు చేత్తో రాయాల్సి వచ్చింది. పార్టీని విడిచిపోయింది రూజ్‌వెల్ట్ ఓటర్లు కాదు, టాఫ్ట్ ఓటర్లను విడిచిపోయింది పార్టీ. అక్కడ విల్సన్‌పై రూజ్‌వెల్ట్ ఆధిక్యం 174 ఓట్లు.

అధ్యక్షుడి దగ్గర మూస్‌కు ఓటేసిన చేయి కింది పదవుల దగ్గర చాలాచోట్ల పాత అలవాటుకే మళ్లింది. జిల్లా స్థాయిలో కొత్త పార్టీకి మనుషులు లేరు, పంచడానికి పదవులూ లేవు. 1914లో పెన్సిల్వేనియా సెనేట్ స్థానానికి ప్రోగ్రెసివ్‌గా నిలబడిన పిన్షో, పాత పెత్తందారు బోయిస్ పెన్‌రోజ్ చేతిలో ఓడాడు. రెండేళ్ల కిందట ఆ రాష్ట్ర ప్రైమరీలో దెబ్బతిన్నది ఈ పెన్‌రోజ్ వర్గమే. 1916లో ప్రోగ్రెసివ్‌లు మళ్లీ రూజ్‌వెల్ట్ పేరే ప్రకటిస్తే ఆయన తంతి కొట్టి వద్దన్నాడు, రిపబ్లికన్ అభ్యర్థి చార్ల్స్ ఎవాన్స్ హ్యూస్‌ను బలపరిచాడు. నాయకుడు ఇంటికి వెళ్లాడు; వెంట వచ్చినవాళ్లు వీధిలో నిలబడ్డారు.

వారిలో ఎంతమంది తిరిగి వెళ్లారో తేలిన చోటు కాలిఫోర్నియాయే. జాన్సన్ ఆ ఏడాది రిపబ్లికన్, ప్రోగ్రెసివ్ ప్రైమరీలు రెండింటిలోనూ సెనేట్ టికెట్ కోసం నిలబడ్డాడు. ఒకే మనిషి రెండు పార్టీల్లో పోటీ చేసే వీలు 1913లో వచ్చింది. ఆగస్టులో ప్రచారానికి వచ్చిన హ్యూస్‌ను జాన్సన్‌కు గిట్టని పాత వర్గం చుట్టుముట్టింది. లాంగ్ బీచ్‌లో ఇద్దరూ ఒకే హోటల్లో ఉన్నారు. ఆ సంగతి హ్యూస్‌కు ఎవరూ చెప్పలేదు. కరచాలనమైనా లేకుండా వెళ్లిపోయాడు. నవంబరులో జాన్సన్ దాదాపు 3 లక్షల ఆధిక్యంతో సెనేటర్ అయ్యాడు. అదే రాష్ట్రంలో, అదే రోజు, అదే పార్టీ నుంచి హ్యూస్ 4 వేల లోపు ఓట్లతో ఓడాడు. దేశం మొత్తం మీద విల్సన్‌కు 277 ఎలక్టోరల్ ఓట్లు, హ్యూస్‌కు 254. కాలిఫోర్నియా 13 ఎలక్టోరల్ ఓట్లు ఇటు వచ్చి ఉంటే అధ్యక్షుడు హ్యూసే. తప్పంతా ఆ హోటల్ మీద వేయడం పత్రికలకు సులువైంది గానీ, అన్ని లక్షల మంది ఒక కరచాలనం కోసం అలగరు. దేశాన్ని మొదటి ప్రపంచయుద్ధానికి దూరంగా ఉంచాడన్న పేరూ, విల్సన్ తెచ్చిన కార్మిక చట్టాలూ వారిని అటు లాగాయి.

రిపబ్లికన్ పార్టీ మాత్రం లెక్క సరిచూసుకుంది. 1916 మహాసభ నాటికి దక్షిణాది ప్రతినిధుల సంఖ్య తగ్గించింది. మూస్ వెంట నడిచినవారు క్రమంగా తలో దారి పట్టారు. పిన్షో రిపబ్లికన్‌గానే పెన్సిల్వేనియాకు రెండుసార్లు గవర్నరయ్యాడు. షికాగో ప్రోగ్రెసివ్ హెరాల్డ్ ఇకిస్ 1933లో డెమొక్రాట్ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మంత్రివర్గంలో చేరాడు. 1936లో ఆ ఫ్రాంక్లిన్‌పై రిపబ్లికన్లు నిలబెట్టిన ఆల్ఫ్ లాండన్, ఫ్రాంక్ నాక్స్ ఇద్దరూ 1912లో మూస్ జెండా మోసినవారే. వారికి వచ్చిన ఎలక్టోరల్ ఓట్లు కూడా, టాఫ్ట్‌కు వచ్చినట్టే, 8.