దిగివచ్చే దారి

న్యూ మెక్సికో ఎడారిలో దాదాపు 1,600 అడుగులు నిటారుగా లేచిన షిప్‌రాక్‌ను మొదటిసారి ఎక్కింది 1939 అక్టోబరులో. కాలిఫోర్నియా సియెర్రా క్లబ్ వాళ్ళు నలుగురు, డేవిడ్ బ్రోవర్, బెస్టర్ రాబిన్సన్, రాఫీ బెదాయన్, జాన్ డయర్, నాలుగు రోజులు కష్టపడ్డారు. దారిలో నాలుగు బోల్టులు కొట్టారు. అమెరికాలో కొండ ఎక్కడానికి రాతిలో ఎక్స్‌పాన్షన్ బోల్టు, అంటే రంధ్రంలో విచ్చుకుని పట్టే బోల్టు, దించడం అదే మొదలు. ఎడారి ఆరోహణ చరిత్రను చాలామంది ఇక్కడి నుంచే ఎత్తుకుంటారు. నాకు మాత్రం అంతకుముందు జరిగింది ముఖ్యం. వీళ్ళకంటే ముందు డజను బృందాల దాకా ఆ రాయికి చెయ్యి వేసి, సాగక దిగివచ్చాయి. కొలరాడో నుంచి వచ్చిన రాబర్ట్ ఓర్మ్స్ పైనుంచి జారిపడితే ఒక్క మేకు వంగి, ఊడిపోకుండా ఆపింది. ఆ వంగిన ఇనప ముక్క గురించి ఆయన సాటర్డే ఈవెనింగ్ పోస్ట్‌లో రాశాడు. రాయడానికి మిగిలాడు, అదీ విశేషం.

మా అక్క కొడుకు ఆరిజోనాలోని టెంపీలో ఎం.ఎస్. చదువుతున్నాడు. జిమ్‌లో గోడలెక్కడం మొదలుపెట్టి ఏడాది కాలేదు. “పిన్నీ, రెండేళ్ళలో ఇవన్నీ అయిపోవాలి” అంటూ పేర్లు పంపాడు. కాజిల్టన్, టైటన్, షిప్‌రాక్, వాటి కిందే జయాన్‌లోని కీహోల్ గండి. అంత పెద్ద ఆశ ఎందుకని నేను అనలేదు. ఈ ఎడారిలో పేరు మిగిల్చుకున్నవాళ్ళందరూ మొదట ఆ రాయికి కొత్తవాళ్ళే. కానీ వాడు ఒకే కాగితం మీద రెండు వేరువేరు పనులు రాశాడు. రాతి స్తంభం ఎక్కేవాడు మనసు మార్చుకుంటే చాలాచోట్ల నుంచి వెనక్కి దిగిపోవచ్చు. గండిలోకి దిగేవాడు మొదటి తాడు లాగేసుకున్నాక ఇక వెనక్కి లేదు. రెంటి చరిత్రలూ అందుకే వేరుగా నడిచాయి.

ఈ నేలమీద మొదటి ఆరోహకులు వందల ఏళ్ళ కిందటి ప్యూబ్లో పూర్వీకులు. కొండ చరియల్లో ఇళ్ళు కట్టుకుని, పైనున్న పొలాలకు వెళ్ళడానికి రాతి పనిముట్లతో గోడల్లో చేతికీ కాలివేళ్ళకూ పట్టేటంత గుంటలు తొలిచారు. ఎక్కిన గుంటల్లోంచే దిగేవారు. రోజువారీ పని కాబట్టి దిగడం గురించి ముందే ఆలోచించారు.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ గోడల దగ్గరికి దారి వేసింది కొండలెక్కేవాళ్ళు కాదు, యురేనియం. 1952లో చార్లీ స్టీన్ అనే అన్వేషకుడికి యూటాలోని మోయాబ్ దగ్గర పెద్ద నిక్షేపం దొరికాక జనం ఎగబడ్డారు. ఖనిజం కోసం కొండ అంచుల వెంట మట్టిరోడ్లు తొలిచారు. వైట్ రిమ్ చుట్టూ ఈనాడు విహారానికి వెళ్ళే రోడ్డు ఆ కాలపుదే. గనుల జోరు తగ్గింది, రోడ్లు మిగిలాయి.

ఆ రోజుల్లోనే, 1956లో, హంట్లీ ఇంగల్స్ అనే యువకుడు ప్రభుత్వ భూగర్భ సర్వే పనిమీద తిరుగుతూ మోయాబ్ పక్కనున్న ఈ స్తంభాలను చూశాడు. వాటిని మర్చిపోలేక కొలరాడోలో లేటన్ కోర్‌ను పట్టుకున్నాడు. కోర్ వృత్తికి తాపీ పనివాడు, పొడగరి, ఒకచోట కుదురుగా నిలవని మనిషి. 1961 సెప్టెంబరులో ఇద్దరూ కాజిల్టన్ ఎక్కారు. వెయ్యి అడుగుల రాళ్ళ గుట్ట, దాని నెత్తిన నాలుగు వందల అడుగుల వింగేట్ ఇసుకరాతి దిమ్మె. లోపలి నెర్రెలో తెల్లటి కాల్సైట్ పొర పేరుకుని కాలు జారుతుంది. ఒకచోట నెర్రె మనిషి దూరడానికి ఇరుకు, పిడికిలి బిగించడానికి వెడల్పు. భుజం, మోకాలు ఒత్తిపెట్టి అంగుళం అంగుళం జరగాలి. ఆ చోటంటే ఈనాటికీ అనుభవజ్ఞులకే భయం. మరుసటేడు మే నెలలో జార్జ్ హర్లీని కలుపుకుని, ఎండిన బురద పూసినట్టుండే తొమ్మిది వందల అడుగుల టైటన్ ఎక్కారు. ఆ నవంబరులో ఇంగల్స్ వ్యాసం నేషనల్ జియోగ్రాఫిక్‌లో వచ్చింది. ఎడారి స్తంభాలు అమెరికా ఇళ్ళలోకి అలా వచ్చాయి.

సామాను కూడా మారింది. మోయాబ్‌కు దక్షిణాన ఉన్న ఇండియన్ క్రీక్‌లో నెర్రెలు అడుగునుంచి పైదాకా ఒకే వెడల్పు. మేకులు కొడితే మెత్తటి రాయి అరిగిపోతుంది, మామూలు లోహపు దిమ్మలు సరిగ్గా కూర్చోవు. అయినా 1976లో ఎర్ల్ విగిన్స్ ఆ దిమ్మలతోనే అక్కడి సూపర్‌క్రాక్ ఎక్కాడు. రెండేళ్ళకు రే జార్డీన్ కనిపెట్టిన స్ప్రింగ్ కామ్‌లు అంగట్లోకి వచ్చాయి. మీట నొక్కి లోపల పెట్టి వదిలితే అవే విచ్చుకుని పట్టుకుంటాయి. ఏడాది జిమ్ అనుభవంతో మావాడు కాజిల్టన్ పేరు రాయగలిగాడంటే సగం పుణ్యం ఆ పరికరానిదే. కామ్‌కి తెలియని సంగతి ఒకటుంది. వానకు తడిసిన ఇసుకరాయి బలం కోల్పోతుంది, పైకి పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. మోయాబ్‌లో తెలిసినవాళ్ళు వాన తర్వాత రెండు మూడు రోజులు రాయి ముట్టరు.

షిప్‌రాక్‌ను మాత్రం కొట్టెయ్యమన్నాను. నవాహో ప్రజలకు అది పవిత్రం. 1970 నుంచి వాళ్ళ నేలమీద అలాంటి ఆరోహణలకు నిషేధం ఉంది. వాళ్ళు వద్దన్నాక మన ఆశకు అక్కడ చోటు లేదు.

ఇక గండులు. మాది జమ్మలమడుగు వైపు, గండికోట చూస్తూ పెరిగాను. పైన ఎక్కడో వానపడి, మా దగ్గర ఎండ కాస్తుండగానే వంక పారడం చిన్నప్పటి నుంచి తెలుసు. యూటా, ఆరిజోనాల్లో అది పదింతలు. నున్నటి బండనేల నీటిని పీల్చదు. మైళ్ళకొద్దీ బండమీద పడ్డదంతా మనిషి రెండు చేతులు చాపితే అటూ ఇటూ తగిలే సందులోకి వచ్చిపడుతుంది. 1997 ఆగస్టు 12న యాంటిలోప్ గండిలో పదకొండుమంది సందర్శకులు పోయారు. వాన పడింది మైళ్ళ దూరాన. 2015 సెప్టెంబరు 14న కీహోల్‌లో ఏడుగురు. కీహోల్ చిన్న గండి, తాడు దిగుళ్ళు కూడా పెద్దవి కావు. అందుకే కొత్తవాళ్ళకు తగినదని పేరు. ఆ ఏడుగురిలో కొందరికి ఈ పని కొత్త.

మావాడికి గండి అంటే రహమాన్ సంగీతం ఇచ్చిన 127 అవర్స్ సినిమా. 2003లో బ్లూజాన్ గండిలో బండకింద చెయ్యి ఇరుక్కుని, అయిదు రోజుల తర్వాత ఆ చేతిని తానే కోసుకుని బయటపడిన ఆరన్ రాల్‌స్టన్ కథ అది. ఆయన కొత్తవాడు కాడు. ఎటు వెళ్తున్నాడో ఎవరికీ చెప్పకుండా వెళ్ళాడు, అంతే. చెయ్యి విడిపించుకున్నాక కూడా ఒంటిచేత్తో తాడు దిగాల్సి వచ్చింది, ఎందుకంటే గండిలో దారి కిందికే.

స్తంభాల చరిత్రలో ఓటమి దిగివచ్చి కథ చెప్పింది, ఆ కథ విని తర్వాతివాడు ఇంకాస్త పైకి వెళ్ళాడు. గండిలో అలా అంచెలంచెలుగా నేర్చుకునే వీలు తక్కువ. అక్కడ నేర్చుకోవలసింది గట్టుమీద ఉండగానే నేర్చుకోవాలి. ఏ బండల నీరు ఈ సందులోకి వస్తుందో పటంలో గీసి చూడటం, ఆ మొత్తం మేరకూ వాన సూచన చదవడం. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉరుముల వానల కాలం, ఆ నెలల్లో వద్దన్నాను. జయాన్ పార్కువాళ్ళు అనుమతి పత్రం ఇస్తారు గాని వాన రాదని హామీ ఇవ్వరు, సంతకం పెట్టేవాడిదే బాధ్యత. “మరి పర్మిట్ దొరికిన రోజే మబ్బేస్తే?” అని అడిగాడు. కాగితం జేబులో పెట్టుకుని ఇండియన్ క్రీక్‌కి పో నాయనా, అక్కడ కూడా వాన పడి ఉంటే రెండు రోజులు ఆగు అన్నాను.