బహువేగ బ్లోయర్ మోటారు: వైరింగు చరిత్ర

ఒకే విద్యుత్ మోటారు గాలిని రెండు, మూడు లేదా అంతకన్నా ఎక్కువ వేగాలతో తోసేలా దాని వైండింగులోంచి విడివిడి తీగలు బయటికి తీసి, వాటిలో ఒక్కోసారి ఒక్కదానికే కరెంటు అందించే ఏర్పాటు ఇది. ఈ తీగలను ట్యాపులంటారు. ఉత్తర అమెరికాలో ఇళ్లను వెచ్చబరిచే ఫర్నేసుల్లో ఈ పద్ధతి బాగా పాతుకుపోయింది. మన ఎండాకాలపు కూలర్లలోనూ తరచుగా ఇదే కనిపిస్తుంది.

ఇందులో గాలిచక్రం కథకు భారతదేశంతో సంబంధముంది. బెల్‌ఫాస్ట్ ప్రాంతీయుడు శామ్యూల్ క్లీలాండ్ డేవిడ్‌సన్ 1864లో కచార్ తేయాకు తోటలకు వచ్చాడు. ఆకు ఆరబెట్టే యంత్రాలపై పనిచేసి, బెల్‌ఫాస్ట్‌లో సిరోకో కర్మాగారం పెట్టాడు. 1890ల చివరికి, ముందుకు వంగిన సన్నటి రెక్కలు చుట్టూ పేర్చిన డ్రమ్ములాంటి చక్రాన్ని రూపొందించాడు. నేటి ఫర్నేసు బ్లోయర్లలో తిరిగేది చాలావరకు ఆ వంశపు చక్రమే.

మోటారు కథ వేరే దారిలో నడిచింది. 1882లో న్యూయార్క్‌లో స్కైలర్ వీలర్ చేసిన రెండు రెక్కల బల్లఫ్యాను డైరెక్ట్ కరెంటుతో తిరిగేది. అలాంటి మోటారు వేగం తగ్గించడం తేలిక, వరుసలో ఒక రెసిస్టెన్సు పెడితే చాలు. కార్లలో ఈ పద్ధతి చాలాకాలం నిలిచింది. రెసిస్టరు వేడెక్కి మాడకుండా దాన్ని బ్లోయరు గాలిదారిలోనే బిగిస్తారు. అది పోతే కింది వేగాలు పోయి, రెసిస్టరుతో పనిలేని పైవేగం ఒక్కటే మిగులుతుంది.

1888లో నికోలా టెస్లాకు పేటెంట్లు దక్కిన ఇండక్షన్ మోటారుతో ఈ సులువు పోయింది. దాని వేగం సరఫరా ఫ్రీక్వెన్సీకీ, పోల్స్ (అయస్కాంత ధ్రువాల) సంఖ్యకూ కట్టుబడి ఉంటుంది. మన 50 హెర్ట్జ్ సరఫరాలో నాలుగు పోల్స్ మోటారు నిమిషానికి 1500 చుట్లకు, అమెరికా 60 హెర్ట్జ్‌లో ఆరు పోల్స్ మోటారు 1200 చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. 1897లో స్వీడన్ ఇంజినీరు రాబర్ట్ డాలాండర్ కాయిళ్ల కలయికను మార్చి పోల్స్‌ను రెట్టింపు చేసే మార్గం కనిపెట్టాడు. వేగం సరిగ్గా సగమవుతుంది. ఫ్యాక్టరీలకు అది సరిపోయింది కానీ, ఇంటి ఫ్యానుకు అంత ఏర్పాటు ఎక్కువ.

ఇళ్లకు దక్కింది చవక ఉపాయం. మోటారును బలహీనపరిచి, గాలి బరువుకు దాన్ని వెనకబడనివ్వడం. మొదట ఫ్యాను అడుగున చోక్ కాయిల్ పెట్టి వోల్టేజీ తగ్గించేవారు. తరువాత ఆ అదనపు చుట్లు మోటారు వైండింగులోకే చేరి ట్యాపులయ్యాయి. చుట్లు పెరిగితే అయస్కాంత క్షేత్రం పలచబడి, తిప్పే బలం తగ్గుతుంది. బక్కచిక్కిన ఎద్దు అదే బండిని లాగితే నడక మందగించినట్టే. బండి విప్పేస్తే ఆ ఎద్దూ చురుగ్గానే నడుస్తుంది. అందుకే చక్రం ఊడదీసి మోటారును బల్లమీద పరీక్షిస్తే అన్ని ట్యాపుల్లోనూ దాదాపు ఒకే వేగం కనిపిస్తుంది. వైండింగు చెడిందని దాన్ని పక్కన పడేయడం పొరపాటు. ‘లో’ స్పీడు అంటూ విడిగా మోటారులో ఏదీ లేదు. కాయిల్ బలమూ గాలి ఎదురూ ఎక్కడ సమతూగితే అదే వేగం.

ఈ సులువుకు మూల్యమూ ఉంది. ఫ్యాను వేగం సగమైతే గాలిని తోయడానికి కావలసిన శక్తి ఎనిమిదో వంతుకు పడిపోవాలి. కానీ వెనకబడి తిరిగే మోటారులో రోటరు వేడెక్కి, కరెంటు వాడకం ఆ లెక్కన తగ్గదు.

పాత ఫర్నేసుల్లో బెల్టుతో తిరిగే బ్లోయరు వేగాన్ని పుల్లీ సర్ది మార్చేవారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాతి దశాబ్దాల్లో చక్రాన్ని నేరుగా మోటారు ఇరుసుకే బిగించడం పెరిగి, వేగం మార్చే పని తీగలమీద పడింది. అదే బ్లోయరు ఏసీకీ పనిచేసేచోట, చల్లదనానికి ఏసీ టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలి. వేడికి సాధారణంగా అంత అక్కర్లేదు. కాబట్టి ఒక రిలే ఏసీ నడిచేటప్పుడు ‘హై’ని, హీటరు నడిచేటప్పుడు ‘లో’ని కలుపుతుంది. ఒకదాన్ని వదిలాకే రెండోదాన్ని పట్టుకోవడం ఇక్కడ ప్రాణం. రెండు ట్యాపులకు ఒకేసారి కరెంటిస్తే మధ్యనున్న చుట్లు షార్ట్ అయి వైండింగు మాడుతుంది. వాడని ట్యాపులు కూడా ఖాళీ తీగలు కావు, మోటారు తిరిగేటప్పుడు వాటిలో వోల్టేజీ ఉంటుంది. ఒక్కోదాని కొసకు విడిగా టోపీ పెట్టాలే తప్ప కట్టకట్టకూడదు.

అమెరికా వాడుకలో తరచుగా తెలుపు కామన్, నలుపు హై, నీలం మీడియం, ఎరుపు లో, రెండు గోధుమరంగు తీగలు కెపాసిటరువి. మన ఇళ్లలో నలుపు న్యూట్రల్. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఫర్నేసు మూత తీసే తెలుగువారు ముందు మరచిపోవలసింది ఈ అలవాటునే. రంగుల వాడుక కంపెనీని బట్టి మారుతుంది కనుక మోటారుమీది పటానిదే తుది మాట. పటం చెరిగిపోతే సరఫరా తీసి, కెపాసిటరును డిశ్చార్జి చేశాక ఓమ్మీటరుతో వెతకాలి. సాధారణంగా కామన్‌కూ హైకీ మధ్య రెసిస్టెన్సు తక్కువ, లోకు ఎక్కువ.

మన మెకానిక్కులు కండెన్సర్ అనే కెపాసిటరు సీలింగు ఫ్యానులో ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్లు, ఫర్నేసు బ్లోయరులో మామూలుగా 5 నుంచి 10. అది నీరసిస్తే ట్యాపులన్నీ బాగున్నా గాలి తగ్గుతుంది. సీలింగు ఫ్యాను మాత్రం ట్యాపుల దారి పట్టలేదు. దాని వేగం గోడమీది రెగ్యులేటరులోనే ఉండిపోయింది. వేడెక్కే పాత రెసిస్టెన్సు డబ్బా పోయి ట్రయాక్ రెగ్యులేటరూ, కెపాసిటర్లతో మెట్లుమెట్లుగా మారేదీ వచ్చాయి. కూలరులో ట్యాపులు రోటరీ స్విచ్చుకు వెళతాయి. రేకు పెట్టె, నీళ్లు, కరెంటు ఒకచోట చేరే ఆ యంత్రంలో స్పీడు తీగలకన్నా ముందు చూడవలసింది ఎర్త్ తీగ.

1980లలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ, రోటరులో శాశ్వత అయస్కాంతాలుండి ఎలక్ట్రానిక్ పలక నడిపే మోటార్లను ఈ రంగానికి తెచ్చింది. వీటిలో కొన్ని రకాలకు ఇప్పటికీ ఐదు ట్యాపులుంటాయి, కానీ అవి 24 వోల్టుల ఆదేశాలు మాత్రమే. అసలు సరఫరా ఎప్పుడూ వేరే తీగలమీద ఉంటుంది. పాత అలవాటున ఆ ట్యాపులకు మెయిన్స్ తగిలిస్తే పలక పోతుంది. అమెరికా ఇంధన శాఖ 2014లో ఖరారు చేసిన ఫర్నేసు ఫ్యాను నిబంధన 2019 జులై 3 నుంచి అమలై, కొత్త ఫర్నేసుల్లో పాతరకం మోటారును చాలావరకు తప్పించింది. భారత్‌లో సీలింగు ఫ్యాన్లకు 2023 జనవరి 1 నుంచి స్టార్ లేబులు తప్పనిసరైంది. బీఎల్‌డీసీ పేరుతో అమ్ముడవుతున్న ఫ్యాన్లలో ఉన్నదీ ఈ అయస్కాంతపు రోటరే. వాటి వేగాన్ని లోపలి ఎలక్ట్రానిక్సే చూసుకుంటాయి కనుక, అలాంటి ఫ్యాను బిగించేటప్పుడు గోడమీది పాత రెగ్యులేటరును దారిలోంచి తప్పించాలి.