ఇద్దరు కవులు, ఒక పేరు, ఒక సంతకం

కొత్తగా మొదలైన ప్రతి బ్యాండ్‌లోనూ ఏదో ఒక రోజు ఈ గొడవ వస్తుంది. చేతిలో నాలుగు పాటలుంటాయి, యూట్యూబ్‌లో కాస్త పేరొస్తుంది, ఒక ఆడియో కంపెనీ నుంచి ఫోనొస్తుంది. "సంతకం పెట్టేద్దాం, లేకపోతే మనల్ని వినేదెవరు?" అంటాడు ఒకడు. "మన పాట మన దగ్గరే ఉండాలి" అంటాడు ఇంకొకడు. ఇదంతా స్ట్రీమింగ్ కాలపు తలనొప్పి అనుకుంటాం గానీ, గోదావరి డెల్టాలో ఈ ప్రశ్న గ్రామఫోన్ రాకముందే మొదలైంది. అప్పటి బ్యాండ్‌లో సభ్యులు ఇద్దరే: దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి.

కవుల్ని బ్యాండ్ అనడం కొందరికి నచ్చకపోవచ్చు. కానీ వాళ్ళ పని పద్ధతి చూడండి. చెళ్ళపిళ్ళ 1870లో కడియంలో పుట్టారు. చిన్నతనం కొంత యానాంలో, అంటే ఫ్రెంచి జెండా కింద గడిచింది. చర్ల బ్రహ్మయ్య శాస్త్రి దగ్గర చదువుకునేటప్పుడు తిరుపతి శాస్త్రి కలిశారు. ఇద్దరూ జట్టు కట్టి ఊరూరా అవధానాలు చేశారు, గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల దాకా వెళ్ళారు. మీసాలు పెంచి, మమ్మల్ని గెలిస్తే తీసేస్తాం అని సవాలు విసిరారు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ఇది టూరింగ్, దానికి తోడు గట్టి బ్రాండింగ్.

అన్నిటికన్నా ముఖ్యమైనది పేరు. ఏ పద్యం ఎవరు రాసినా 'తిరుపతి వేంకట కవులు' అనే ఉమ్మడి పేరు మీదే వచ్చింది. 1920లో తిరుపతి శాస్త్రి పోయారు. ఆ తర్వాత మరో 30 ఏళ్ళు బతికిన చెళ్ళపిళ్ళ, తాను ఒంటరిగా రాసినవాటికీ ఆ పేరే కొనసాగించారు. స్నేహం అంటే స్నేహమే, కానీ దాన్ని ఒక ఒప్పందంగా చూసినా గొప్పదే. సభ్యుడు వెళ్ళిపోయాక పేరెవరిదని కోర్టుకెక్కిన బ్యాండ్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి.

మరి వాళ్ళు ఎవరి దగ్గరా 'సైన్' చెయ్యలేదా? చేశారు. కొంతకాలం పోలవరం జమీందారు ఆస్థానంలో ఉన్నారు. తర్వాత చెళ్ళపిళ్ళ బందరు హిందూ హైస్కూల్లో పండితుడిగా చేరారు. ఆస్థానం, ఉద్యోగం, టూరు మూడూ చూసిన మనుషులు వాళ్ళు. ఆస్థానంలో ఒక వెసులుబాటు ఉండేది. జమీందారు సంభావన ఇస్తాడు, కృతిని అంకితం పుచ్చుకుంటాడు, పద్యం మీద పేరు మాత్రం కవిదే. అంకితం అంటే అమ్మకం కాదు.

గ్రామఫోన్ వచ్చాక ఈ లెక్క మారింది.

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు గ్రామఫోన్ కంపెనీ తరఫున కలకత్తా వచ్చి గౌహర్ జాన్ లాంటి గాయనుల పాటలు రికార్డు చేశాడు. 1908 నాటికి కలకత్తాలోనే ఆ కంపెనీ ఫ్యాక్టరీ నడుస్తోంది. 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక పక్కన పట్టేది సుమారు మూడు నిమిషాలు. మన పౌరాణిక నాటక పద్యానికి అది కొలిచి కుట్టినట్టు సరిపోయింది: కాస్త ఆలాపన, పద్యం, చివర్లో సాగదీసే రాగం. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల నుంచి వచ్చిన 'పాండవోద్యోగ విజయాలు' రంగస్థలం మీద ఊపేస్తున్న కాలం అది. కృష్ణ రాయబారం పద్యాలు రికార్డులకెక్కి, చదువు రానివాళ్ళకి కూడా కంఠతా వచ్చేశాయి.

ఇక్కడ డబ్బు లెక్క చూద్దాం. నటుడికి అసలు రాబడి కాంట్రాక్టు నాటకాల నుంచి. కాంట్రాక్టరు పేరున్న నటుల్ని రాత్రికింత అని మాట్లాడుకుని తెచ్చేవాడు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగడం అందుకే. రికార్డు ఆ నటుడి గొంతుని అతను ఎన్నడూ వెళ్ళని ఊళ్ళకి మోసుకెళ్ళేది. ఆ పేరు రాత్రి రేటుకి పనికొచ్చేది. అంటే కంపెనీ అతనికి ఇచ్చింది ప్రధానంగా ప్రచారం. రికార్డు మీద హక్కు మాత్రం కంపెనీదే. 1914 చట్టం ద్వారా మనకీ వర్తించిన బ్రిటిష్ కాపీరైట్ నిబంధనల ప్రకారం, రికార్డు తయారయ్యే మూల ఫలకం ఎవరిదో చట్టం దృష్టిలో రికార్డుకి 'రచయిత' వాళ్ళే. పాడినవాడికి చట్టంలో చోటే లేదు.

అదే కాలంలో, కాకినాడ నుంచి 30 కిలోమీటర్లు కూడా లేని యానాంలో ఎగురుతున్నది వేరే దేశపు జెండా అన్నాను కదా. ఆ దేశంలో పాట గురించి వేరే కథ నడిచింది. 1847లో పారిస్‌లోని ఒక కెఫేలో ఎర్నెస్ట్ బూర్జే అనే పాటల రచయిత తాగినదానికి డబ్బు కట్టనన్నాడు. మీరు నా పాట వాయించుకుని వ్యాపారం చేస్తున్నారు, నాకు ఏమీ ఇవ్వడం లేదు, మరి నేనెందుకివ్వాలి అన్నాడు. తగువు కోర్టుకెక్కింది, రచయితలు గెలిచారు. 1851లో పాటల రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే సాసెమ్ అనే సంఘం పుట్టింది. మన దేశంలో అలాంటి సంఘం, ఐపీఆర్ఎస్, ఏర్పడింది 1969లో. తేడా 118 ఏళ్ళు. సాసెమ్ వల్ల యానాం హరిదాసుకో భజన బృందానికో ఒరిగిందేమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పారిస్‌లో పుట్టిన హక్కు కాలనీలో చివరి మనిషి దాకా రావడం వేరే సంగతి. కానీ పాటని రచయితకి శాశ్వతంగా అంటుకున్న వస్తువుగా చూడటం, కొని అమ్మే సరుకుగా చూడటం అనే రెండు ఆలోచనలు గోదావరి ఒడ్డున పక్కపక్కనే ఉన్నాయన్నది నిజం.

స్వతంత్ర భారతంలో గెలిచింది రెండోదే. 1977లో సుప్రీంకోర్టు, డబ్బిచ్చి పాట చేయించుకున్న సినిమా నిర్మాతే దానికి మొదటి యజమాని అని తేల్చింది. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్, గాయకుడికి చట్టంలో ఏమీ లేకపోవడం గురించి పార్లమెంటు ఆలోచించాలని విడిగా రాశారు. గాయకుల ప్రదర్శన హక్కు 1994 సవరణతో గానీ రాలేదు. పాట రాసినవాడు, బాణీ కట్టినవాడు తమ రాయల్టీ వాటాని కంపెనీకి పూర్తిగా వదిలేసుకున్నా ఆ సంతకం చెల్లదని చెప్పింది 2012 సవరణ.

పాటలో ఎన్ని పొరలుంటాయో మనవాళ్ళకి ఒక్కసారిగా తెలిసింది 2017లో. అమెరికా కచేరీల మధ్యలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా తరఫున లాయరు నోటీసు వచ్చింది. పాడిన మనిషే పాడకూడదా అని జనం విస్తుపోయారు. సాహిత్యం ఒక హక్కు, బాణీ ఒక హక్కు, రికార్డయిన శబ్దం ఇంకో హక్కు, పాడటం వేరొకటి. ఒప్పంద పత్రంలో 'సమస్త హక్కులు' అనే రెండు మాటలు వీటన్నిటినీ కలిపి మింగేస్తాయి.

అందుకని 'లేబులా, స్వతంత్రమా' అన్న ప్రశ్నే సరిగ్గా లేదంటాను. స్వతంత్రంగా ఉంటే యజమాని ఉండడనుకోవడం అమాయకత్వం. యూట్యూబ్ అల్గారిథం కూడా ఒక ఆస్థానమే, ఎప్పుడు సంభావన ఇస్తుందో చెప్పదు. అలాగని లేబుల్ చేరదీస్తే చాలనుకోవడానికీ లేదు. 1993లో స్టీవ్ ఆల్బినీ అనే అమెరికన్ రికార్డింగ్ ఇంజనీరు ఒక ఊహాత్మక బ్యాండ్ జమాఖర్చు వేసి చూపించాడు. అందులో రెండున్నర లక్షల కాపీలు అమ్ముడయ్యాక కంపెనీకి మిగిలింది 7,10,000 డాలర్లు, ఒక్కో సభ్యుడికి మిగిలింది 4,031 డాలర్ల పాతిక సెంట్లు. టేలర్ స్విఫ్ట్ అంతటి మనిషి తన మొదటి ఆరు ఆల్బముల మాస్టర్లు చేజారితే, వాటిలో నాలుగింటిని మళ్ళీ పాడి విడుదల చేసుకుని, చివరికి 2025లో గానీ అసలువాటిని కొనుక్కోలేకపోయింది.

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ రాస్తాను. మా దగ్గర కోడ్‌ని వాడుకోమని లైసెన్సు ఇవ్వడానికీ, కోడ్‌నే రాసిచ్చెయ్యడానికీ తేడా కొత్తగా చేరిన కుర్రాడికి కూడా తెలుసు. పాటకీ అంతే. వాడుకోమని ఇవ్వండి, ఇన్నేళ్ళకి, ఫలానా దేశాల్లో అని రాయించండి. మన చట్టం ఇక్కడ కాస్త మీ పక్షానే ఉంది. హక్కు రాసిచ్చిన పత్రంలో గడువు చెప్పకపోతే 5 ఏళ్ళే అనుకోవాలి, ప్రాంతం చెప్పకపోతే ఇండియా వరకే. కొన్న హక్కుని ఏడాదిలోపు వాడకపోతే, పత్రంలో వేరేగా రాసుకోకపోతే, అది పోతుంది. 'శాశ్వతంగా, విశ్వమంతటా' అని వాళ్ళు అంత శ్రద్ధగా రాసేది ఇందుకే. ఆ వాక్యం కొట్టేసి ఇస్తే సంతకం పెట్టొచ్చు. కొట్టనంటే, రాత్రి రేటు మీద బతికిన ఆ కృష్ణుల్లాగా కచేరీల మీద ఇంకో రెండేళ్ళు నెట్టుకురావచ్చు. అన్నిటికన్నా ముందు మీలో మీరు ఒక కాగితం రాసుకోండి: పేరెవరిది, బాణీలో ఎవరి వాటా ఎంత, ఒకరు వెళ్ళిపోతే ఏమిటి. ఆ ఇద్దరు కవులకి కాగితం లేకపోయినా సాగింది. అందరి స్నేహాలూ అంత గట్టివని పందెం కాయలేం.

చివరగా ఒక చిన్న లెక్క. ఉమ్మడి రచనకి కాపీరైటు, ఆఖరున పోయిన రచయిత మరణం తర్వాత 60 ఏళ్ళు. చెళ్ళపిళ్ళ 1950లో పోయారు. అంటే 2011 జనవరి 1 నుంచి ఆ రాయబారం పద్యాలు అందరివీ. యానాంలో నలుగురు కుర్రాళ్ళు వాటిని గిటారు మీదికి ఎక్కించాలనుకుంటే ఇప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు. పాత రికార్డులోంచి ముక్క కత్తిరించకుండా తామే పాడి రికార్డు చేసుకుంటే, పద్యం ఊరందరిదీ అయినా ఆ రికార్డు మాత్రం వాళ్ళదే. ఫోనొచ్చినప్పుడు బేరమాడాల్సింది దాని గురించే.