మూడో గేరు కోసం మాయాపురిలో

జనవరి రాత్రి. పశ్చిమ ఢిల్లీలో మాయాపురి ఫేజ్ టూ. షట్టర్ సగం దించిన షెడ్డులోకి వంగి దూరగానే గేర్ ఆయిల్ ఘాటు ముక్కుకి తగులుతుంది. గంధకం కలిసిన ఆ వాసన స్వెట్టర్‌కి పట్టుకుంటే రెండు ఉతుకులకి గానీ పోదు. మధ్యలో స్టాండ్ల మీద ఎర్ర మారుతీ జెన్. ముందు చక్రాలు లేవు. బానెట్ విప్పి గోడకి ఆనించారు. కారు కింద అట్టముక్క మీద పడుకున్న మెకానిక్ ఉస్తాద్‌జీ మోకాళ్ళ దాకా మాత్రమే కనిపిస్తున్నారు.

"పద్నాలుగు," అంటారు లోపలి నుంచి. కుర్రాడు పద్నాలుగు నంబర్ పానా ఆయన చేతిలో పెడతాడు.

కారు మా ఖమ్మం తమ్ముడిది. నోయిడాలో ఉద్యోగం, శని ఆదివారాలు మట్టి ట్రాకుల మీద ఆటోక్రాస్. ఈ జెన్ ఇక రోడ్డెక్కదు, ట్రైలర్ మీదే ట్రాక్‌కి వెళ్ళి వస్తుంది. కంపెనీ ఇచ్చిన 993 సీసీ ఇంజన్ స్థానంలో ఎస్టీమ్‌లో వచ్చిన పదహారు వాల్వుల 1.3 లీటర్ ఇంజన్ ఎప్పుడో కూర్చుంది. యాభై హార్స్‌పవర్ బండి ఎనభై అయిదు హార్స్‌పవర్ బండి అయింది. గేర్‌బాక్స్ మాత్రం జెన్‌దే ఉండిపోయింది. చిన్న ఇంజన్ కోసం చేసిన పెట్టె పెద్ద ఇంజన్ తోపుని ఎన్నాళ్ళు మోస్తుంది? మూడో గేరు పళ్ళు నూరడం మొదలుపెట్టింది. ఈ రాత్రి దాని జాగాలోకి ఎస్టీమ్ గేర్‌బాక్స్ ఎక్కాలి.

అది ఇప్పుడు బల్ల మీద ఉంది. సాయంత్రం దాన్ని ఎంచిన తీరు మీరు చూసి ఉండాల్సింది. రెండు వీధుల అవతల పాత ఇనుము అమ్మే కబాడీ దుకాణంలో గేర్‌బాక్సులు గోడలా పేర్చి ఉన్నాయి, దేని మీదా చీటీ లేదు. ఉస్తాద్‌జీ ఒకదాని డ్రెయిన్ బోల్టు విప్పి, చిక్కటి ఆయిల్‌ని అరచేతిలోకి పట్టారు. బల్బు కింద చేతిని అటూ ఇటూ వంచారు. ఆయిల్‌లో బంగారు పొడిలాంటి మెరుపు సన్నగా కదిలింది. "ఇది సింక్రో రింగుల ఇత్తడి. అరుగుదల సహజం, భయం లేదు." తర్వాత జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి ఆ ఆయిల్‌లో ముంచారు. దానికి బూడిదరంగు మడ్డి అంటింది గానీ గుచ్చుకునే ముక్క ఒక్కటీ రాలేదు. ముక్క వస్తే గేరు పన్ను విరిగిందని అర్థం. అప్పుడిక బేరమే లేదు. ఆ తర్వాత ఇన్‌పుట్ షాఫ్ట్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని పైకీ కిందకీ ఊపారు, కళ్ళు మూసుకుని తిప్పారు. బేరింగ్ గరగర చెవికంటే ముందు వేళ్ళకి తెలుస్తుందట. ఏ యంత్రమూ పెట్టకుండా పావుగంటలో ముగిసిన ఆ పరీక్ష నా లెక్కలో పూర్తిస్థాయి ఇంజనీరింగ్.

ఎస్టీమ్ గేర్‌బాక్సులు ఇక్కడ ఇన్ని ఎందుకున్నాయంటే జవాబు కోర్టు తీర్పుల్లో ఉంది. రాజధాని ప్రాంతంలో పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లు, పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఎస్టీమ్ తయారీ 2007లో ఆగింది. అంటే చివరి బండికి కూడా 2022తో గడువు తీరినట్టే. ఆ నిబంధన చుట్టూ వాదనలు తర్వాతా సాగాయి గానీ, ఈలోగా ఎన్నో మంచి బండ్లు తుక్కుగా ఇక్కడికి చేరిపోయాయి. ఢిల్లీ గాలి సంగతి ఈ షెడ్డులో దగ్గే ప్రతివాడికీ తెలుసు, ఆ తీర్పుల మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఇంకో లక్ష కిలోమీటర్లు తిరగగల పెట్టెని కొలిమిలో వేయడం చూస్తే మనసు ఒప్పదు. అందుకే ఈ రాత్రి పని మీద నాకింత మమకారం.

పాత గేర్‌బాక్స్ కిందకి దిగుతోంది. యాక్సిళ్ళు రెండూ ఇందాకే లాగేశారు. క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, రివర్స్ లైటు వైరు, గేర్ రాడ్లు ఊడదీశారు. ఇంజన్ సంప్ కింద చెక్కముక్క అడ్డం పెట్టి జాకీ ఎత్తారు, లేకపోతే గేర్‌బాక్స్ వైపు మౌంటింగ్ విప్పగానే ఇంజన్ ఒరిగిపోతుంది. ఆఖరి బోల్టు విప్పి, ఉస్తాద్‌జీ పెట్టెని ఛాతీ మీదకి తీసుకుని, మెల్లగా పక్కకి దొర్లించారు.

"అన్నా, జెన్ పెట్టెలో ఉన్న పికప్ దీంట్లో ఉంటుందంటావా?" తమ్ముడి మనసు ఇంకా ఊగుతోంది.

నేలమీదే సుద్దముక్కతో లెక్క వేశాం. రెండో గేరు నిష్పత్తి 1.9 అనుకుందాం. ఫైనల్ డ్రైవ్ జెన్ పెట్టెలోలా 4.4 అయితే, పదమూడంగుళాల చిన్న టైరుతో 6000 ఆర్‌పీఎం దగ్గర బండి గంటకి 72 కిలోమీటర్లు అందుకుంటుంది. అదే ఎస్టీమ్‌లోలా 4.1 అయితే 77. తేడా అయిదు కిలోమీటర్లే. కానీ మలుపు మధ్యలో మూడో గేరుకి మారాలా, రెండోదాంట్లోనే బయటపడొచ్చా అన్నది ఆ అయిదు దగ్గరే తేలుతుంది. 4.4 లాంటి పొట్టి గేరు తోపు ఎక్కువిస్తుంది నిజమే. మట్టి మీద, ఇంత తేలిక బండిలో, ఆ తోపుకి చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. నా ఓటు ఎస్టీమ్ పెట్టెకే.

లెక్క సరే, అసలు ఇది దానికి అతుకుతుందా? అతుకుతుంది. 1993లో వచ్చిన జెన్, 1994లో వచ్చిన ఎస్టీమ్ రెండూ గుర్గావ్ ఫ్యాక్టరీ బిడ్డలే. రెండింటి ఇంజన్లూ సుజుకీ జీ కుటుంబానివి. ఇంజన్ వెనక ముఖం మీద బోల్టు రంధ్రాల వరస ఒకటే. విదేశాల్లో టొయోటా సుప్రా ఇంజన్ వెనక నిస్సాన్ 350జెడ్ ఆరు గేర్ల పెట్టె బిగించాలంటే దాని ముందున్న గంట ఆకారపు భాగాన్ని రంపంతో కోసి, మధ్యలో అడాప్టర్ ప్లేటు వేస్తారు. రెండు కంపెనీల రంధ్రాలు కలవవు మరి. ఇక్కడ రంపంతో పనిలేదు. కానీ వరస కలిసినంత మాత్రాన అయిపోలేదు.

ఉస్తాద్‌జీ టార్చి వేసి ఇంజన్ ముఖం మీద అంచుల్ని గోటితో తడుముతున్నారు. ఒకచోట గోరు ఆగింది. రెండోచోట ఆగలేదు. "ఒక డవల్ పిన్ లేదు."

కుర్రాడు వెతికితే అది పాత పెట్టెకే అతుక్కుని దొరికింది. చిటికెన వేలు గోరంత ఉక్కు గొట్టం. బోల్టులు పెట్టెని పట్టుకుని ఉంచుతాయి అంతే, అది ఎక్కడ కూర్చోవాలో చెప్పేవి ఈ రెండు పిన్నులు. ఒకటి లేకపోయినా బోల్టులన్నీ బిగుస్తాయి, బండి కదులుతుంది కూడా. కానీ షాఫ్ట్ నడిమధ్యలో ఉండదు. వెంట్రుకవాసి పక్కకి జరిగి తిరుగుతూ తిరుగుతూ కొన్నాళ్ళకి బేరింగ్‌ని, క్లచ్ ప్లేటుని తినేస్తుంది. గేర్‌బాక్స్ మార్పించుకున్నాక మూలిగే బండ్లు చాలావాటి జబ్బు ఇదేనని నా నమ్మకం. గ్రిప్ ప్లయర్‌తో పిన్నుని ఊడబీకి, నూనెగుడ్డతో తుడిచి, ఇంజన్ రంధ్రంలో పెట్టి రాగి సుత్తితో టకటక కొట్టారు. మళ్ళీ గోటితో తడిమి చూసుకున్నారు.

ఇక క్లచ్. ఎప్పుడో వేరే పాత పెట్టె నుంచి కోసి ఉంచుకున్న షాఫ్ట్ ముక్కని ప్లేటు మధ్యలోంచి ఫ్లైవీల్ బేరింగ్ దాకా దూర్చి, ప్రెషర్ ప్లేటు బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించారు. ముక్క తీసేశాక కూడా ప్లేటు నడుమ నిలిచి ఉంది. కొత్త రిలీజ్ బేరింగ్, కొత్త ఆయిల్ సీళ్ళు పడ్డాయి. షాఫ్ట్ పళ్ళ మీద గ్రీజు పొర మాత్రమే రాశారు. ఎక్కువైతే చిమ్మి క్లచ్ ప్లేటుకి తగులుతుంది.

"ఎత్తండి."

ఉస్తాద్‌జీ కింద, కుర్రాడు పక్కన, తమ్ముడు పైనుంచి తాడుతో. పెట్టె లేచింది, ముందుకి జరిగింది, రెండంగుళాల ఎడంలో ఆగిపోయింది. తమ్ముడు బోల్టు పెట్టి లాగుదామంటే ఆయన గట్టిగానే వారించారు. "వద్దు బేటా. బోల్టుతో లాగితే చెవి విరుగుతుంది. అల్యూమినియం అది." అయిదో గేరులో వేయించి, యాక్సిళ్ళు దూరే రెండు చోట్లా చేతులు పెట్టి లోపలి గేర్లని కలిపి ఒకే దిశలో తిప్పారు. ఎదురు చివర షాఫ్ట్ ఒక పన్ను మేర జరిగింది. పెట్టె దానంతటదే ఇంజన్‌కి చేరుకుంది. మధ్యలో సందు లేదు. ఆ తర్వాతే బోల్టులు.

అక్కడి నుంచి పని పరుగెత్తింది. యాక్సిళ్ళు టక్కున లోపల లాక్ అయ్యాయి, లాగి చూసుకున్నారు. గేర్ రాడ్లు, మౌంటింగ్, కేబుళ్ళు కలిపారు. లెవెల్ రంధ్రంలోంచి కారేదాకా కొత్త ఆయిల్ పోశారు, దాదాపు రెండున్నర లీటర్లు పట్టింది. అల్లం టీ వచ్చింది, చల్లారింది కూడా.

స్టాండ్ల మీదే స్టార్ట్ చేశాం. తమ్ముడు క్లచ్ తొక్కి మొదటి గేరు వేశాడు. చక్రాల హబ్బులు తిరిగాయి. రెండు. మూడు. ఏ శబ్దమూ లేదు. మళ్ళీ రెండుకి దించి, మళ్ళీ మూడుకి ఎక్కించాడు. నాలుగు, అయిదు సంగతి అడగనే లేదు, మూడు దగ్గరే ఆడుకుంటున్నాడు.

"అన్నా, నువ్వొకసారి వేసి చూడు."

వేశాను. కర్ర చేతిలోంచి జారుకుంటూ గాడిలో పడింది. చలికి ఆయిల్ ఇంకా చిక్కగా ఉన్నా పట్టు లేదు.

ఉస్తాద్‌జీ చేతులు తుడుచుకుంటూ క్లచ్ కేబుల్ నట్టు అరచుట్టు వదులు చేశారు. "మొదటి రేసయ్యాక ఈ ఆయిల్ తీసేసి మళ్ళీ పోయించు. తీసింది పారబోయకు, డబ్బాలో పట్టి నా దగ్గరికి తీసుకురా." అని అయస్కాంతాన్ని జేబులో వేసుకున్నారు. కుర్రాడు ముందు చక్రాలు దొర్లించుకొస్తున్నాడు.