పెద్దాపరేషను కథ



ఎవరింట్లోనైనా కాన్పయిందని కబురు వస్తే ఒకప్పుడు మనం అడిగేది "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని. ఇప్పుడు దాని వెనకే ఇంకో ప్రశ్న: "మామూలు కాన్పేనా, ఆపరేషనా?"

ఈ ఆపరేషనుకు సిజేరియన్ అన్న పేరు జూలియస్ సీజరు వల్ల వచ్చిందని, ఆయన అలాగే పుట్టాడని చాలామంది చెబుతారు. కాని ఆయన తల్లి అరేలియా కొడుకు పెద్దవాడయ్యేదాకా బ్రతికే ఉంది. ఆ కాలపు రోములో కడుపు కోసేది తల్లి ప్రాణం పోయాకే. కనక ఆ కథ నమ్మదగ్గది కాదు.

తరువాత ఎన్నో శతాబ్దాలు ఇది తల్లి మీద ఆశ వదులుకుని చేసే పనిగానే ఉండిపోయింది. 1847లో ఎడింబరో డాక్టరు సింప్సన్ కాన్పులకు క్లోరోఫాం వాడాక నొప్పి తెలియకుండా కోయడం సాధ్యమయింది. అయినా తల్లులు దక్కలేదు. ఎందుకో తెలుసా? కోసిన గర్భసంచికి కుట్లు వేసేవారు కాదు! దానంతట అదే ముడుచుకుని మానుతుందని అనుకునేవారు. రక్తం పోయి, చీము పట్టి తల్లి చనిపోయేది. 1876లో ఇటలీలో డాక్టర్ పోరో గర్భసంచినే తీసేసి ఒక తల్లిని బ్రతికించాడు. 1882లో జర్మనీ డాక్టరు సాంగర్ గర్భసంచిని జాగ్రత్తగా కుట్టే పద్ధతి చూపించాడు. చూశారా, సూదీ దారమూ ఎందరు తల్లుల్ని నిలబెట్టాయో! రక్తం ఎక్కించడం, 1940ల్లో పెన్సిలిన్ రావడం ఆ భయాన్ని ఇంకా తగ్గించాయి.

బిడ్డ అడ్డం తిరిగినా, మాయ దారికి అడ్డుపడినా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా ఈ ఆపరేషను ప్రాణదానమే. అందులో సందేహం లేదు.

అయితే ఇంతమందికి అవసరమా? నూటికి 10, 15కు మించి ఉండాల్సిన కారణం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద నూటికి 21 కాన్పులు ఆపరేషనువే. ఆంధ్రప్రదేశ్‌లో 42. తెలంగాణలో 60కి పైమాటే! తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లోనయితే 81.

నేరం ఒక్క డాక్టర్లదే అంటే సరిపోదు. మొదటి కాన్పు ఆపరేషనయితే రెండోదీ అదేనని చాలాచోట్ల ముందే నిర్ణయించేస్తారు. నొప్పులంటే మనకీ భయమే. పైగా మంచి ముహూర్తం పెట్టించుకుని వెళ్లేవాళ్లం మనమే కదా! కోత పడిన గర్భసంచికి తరువాతి కాన్పులో మాయ అతుక్కుపోయి, విపరీతంగా రక్తం పోయే ప్రమాదం ఉందని మాత్రం ఆ ముహూర్తంలో ఎవరూ రాసివ్వరు.

అందుచేత నెలలు నిండకముందే డాక్టరుగారిని అడగండి: "ఆపరేషను ఎందుకు? కాస్త ఆగితే ఏమవుతుంది?" అడగడం అమర్యాద కాదు. అవసరమని చెబితే ధైర్యంగా ఒప్పుకోండి. ఆపరేషనయిన పిల్లను "నొప్పులు పడలేదు" అని దెప్పకండి. ఆమె పడిందీ పురుటి కష్టమే.