వేగం అమ్మబడును

సైకిల్‌ను తేలిక చేసి ఉరికించే విద్య కరీంనగర్ కుర్రాళ్లకు ఐరన్‌మ్యాన్ అనే ఈత-సైకిల్-పరుగు పోటీలు నేర్పింది కాదు. కిరాయి సైకిళ్ల కాలం నుంచే ఉంది. గంటకింత అని పైసలు కట్టి తెచ్చిన బండి మీద ప్రతి నిమిషమూ ఖర్చే కాబట్టి, దుకాణం ముందే బొటనవేలితో టైరు నొక్కి గాలి చూసుకునేవాళ్లు. సీటు అందని పిల్లలు ఫ్రేము సందులోంచి కాలు దూర్చి కైంచీ తొక్కేవాళ్లు. సొంత సైకిల్ ఉన్నవాళ్లు మడ్‌గార్డులు, చైన్ కవరు, క్యారియర్ ఊడదీసి ‘రేసు బండి’ చేసేవాళ్లు. వానలు పడి వీపు నిండా బురద చారలతో ఇంటికొచ్చాక ఆ ఇంజినీరింగుకు తగిన సన్మానం జరిగేది.

కొత్త అల్లుడి సైకిల్ దీనికి పూర్తిగా ఉల్టా. వాచీ, రేడియోలతో పాటు కట్నంలో వచ్చిన ఆ బండికి డైనమో, పెద్ద లైటు, హ్యాండిల్‌కు రంగురంగుల కుచ్చులు. డైనమో టైరుకు ఆనగానే గుర్రుమని మోత, దాంతోపాటే పెడల్ బరువెక్కేది. లైటు వెలగాలంటే అల్లుడి పిక్కలే పవర్‌హౌస్. ఇక గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి గనులకు టిఫిన్ డబ్బా తగిలించుకుని పోయే సింగరేణి కార్మికులకు వేగం పెంచే పరికరం ఒక్కటే: షిఫ్టు సైరన్.

సరుకుతో వేగం కొనొచ్చని లోకానికి నిరూపించింది ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్. 1888లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు తొక్కే మూడు చక్రాల సైకిల్‌కు గాలి టైర్లు తొడిగాడు. మరుసటి ఏడాది సైక్లిస్టు విలియం హ్యూమ్ అలాంటి టైర్లతో పందేలకు దిగితే చూసినవాళ్లు నవ్వారు. అతను గెలిచాక గట్టి రబ్బరు టైర్లకు రోజులు చెల్లాయి.

ఈత, సైకిల్, పరుగు కలిపిన ట్రయథ్లాన్ 1974లో అమెరికాలోని శాన్‌డీగోలో మొదలైంది. దాని సుదీర్ఘ రూపమైన ఐరన్‌మ్యాన్ తొలిసారి 1978 ఫిబ్రవరి 18న హవాయిలో జరిగినప్పుడు దిగింది 15 మంది, పూర్తి చేసింది 12 మంది. గార్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల్లో గెలిచాడు. చాలాసేపు జాన్ డన్‌బార్ ముందున్నాడు. నీళ్లయిపోతే అతని జట్టు బీరు అందించింది. వచ్చింది మాత్రం రెండో స్థానం.

పిచ్చి ముదిరింది 1989లో. టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజున, పారిస్‌కు చేరే 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌కు ముందు, అమెరికన్ గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనుకబడి ఉన్నాడు. ట్రయథ్లెట్లు అప్పటికే వాడుతున్న ఏరో బార్ల మీద మోచేతులు ఆనించి వంగి తొక్కాడు. అప్పటిదాకా ముందున్న లారాన్ ఫినాన్ హెల్మెట్ లేకుండా, పిలక గాలికి ఎగురుతుండగా వచ్చాడు. మూడు వేల కిలోమీటర్లు దాటిన పోటీని లెమాండ్ 8 సెకన్లతో గెలిచాడు. పాపం, ఆ పిలక మీద పడిన నింద ఇప్పటికీ పోలేదు.

లోయర్ మానేరు కట్ట మీదా, 2023లో తెరిచిన కరీంనగర్ తీగల వంతెన మీదా సైకిలెక్కే ఔత్సాహికుడిని అమ్మకందారు బెదిరించేది ఆ 8 సెకన్లతోనే. కార్బన్ చక్రాలు, కొసదేలిన హెల్మెట్, కార్బన్ ప్లేటు బూట్లు... బండి మీద రెండొందల గ్రాములు తగ్గించడానికి ఆ ఔత్సాహికుడు నెల జీతం పోస్తాడు. సాయంత్రం మిర్చి బజ్జీల దగ్గర మాత్రం ఆ లెక్క గుర్తుండదు.

నవ్వులాటే అయినా సరుకులో నిజం లేకపోలేదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సైక్లిస్టు బలం చాలావరకు గాలిని చీల్చడానికే పోతుంది. మెల్లగా తొక్కేవాడు దారిలో ఎక్కువసేపు ఉంటాడు కాబట్టి, ఏరో పరికరాలు అతనికీ నిమిషాలు మిగులుస్తాయి. అయితే గాలికి అడ్డుపడేదాంట్లో పెద్ద వాటా బండిది కాదు, మనిషిది. పైగా నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు వేగం పడిపోతుంది, అక్కడ పోరు గాలితో కాదు, బరువుతో. కొసదేలిన హెల్మెట్ ఘాట్‌లో చేసే పని చెమట పట్టించడమే.

ఇక ఈతకు తొడిగే రబ్బరు సూటు, వెట్‌సూట్. గోవాలో 2019 నుంచి ఐరన్‌మ్యాన్ 70.3 జరుగుతోంది: 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. నీరు 24.5 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ వేసుకున్న ఔత్సాహికులకు బహుమతి అర్హత ఉండదు. గోవా సముద్రం అంతకన్నా వెచ్చన. కొన్న సూటు బీరువాలోనే ఈదుతుంది.

చౌక సరుకూ ఉంది. సాగే లేసులుంటే సైకిల్ దిగి పరుగు బూట్లు తొడిగే చోట ముడుల గొడవ ఉండదు. సైకిళ్ల కంపెనీ స్పెషలైజ్డ్ 2014లో విండ్ టన్నెల్‌లో పరీక్షించి, కాళ్ల వెంట్రుకలు గీసుకుంటే 40 కిలోమీటర్లకు నిమిషం అటూఇటూగా కలిసొస్తుందని ప్రకటించింది. కార్బన్ చక్రాలకు కిస్తీలు కట్టబోయే కరీంనగర్, ఆదిలాబాద్ సోదరులు ముందు ఒక బ్లేడు కొని చూడండి. టైర్లలో గాలి కూడా చూసుకోండి, బొటనవేలు చాలు.